40 లక్షల హద్దు: లెక్కలోకి ఏ సరకు రావాలి?

అమ్మకపు పన్ను పేరు మారి జి.ఎస్.టి. అయినా, గుడివాడ ధాన్యపు కొట్లలోనూ మచిలీపట్నం బజారులోనూ "నంబరు" మాట వస్తే మొదట వినిపించే అంకె ఒకటే: రు. 40 లక్షలు. సాలుకు అంతకు లోపు అమ్మకమైతే నంబరు అక్కరలేదు, మించితే తీసుకోవాలి అని చిన్న వర్తకులలో చాలామంది లెక్క. ఈ లెక్క సగమే నిజం. మిగతా సగం తెలియనివారు అక్కరలేకుండా నంబరు తీసుకొని ఖర్చులపాలైనా అవుతున్నారు, అక్కర వుండీ తీసుకోక నోటీసులకు చిక్కనైనా చిక్కుతారు. హద్దును పెంచాలా, అలాగే వుంచాలా అన్న చర్చ ఎప్పుడూ నడుస్తూనే వుంటుంది గాని, ఆ హద్దులోకి ఏ సరకును లెక్కించాలన్న సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. ధాన్యం, అపరాలు, చేప, రొయ్య మీద బతికే డెల్టా బజారుకు అసలు సంగతి అదే.

హద్దు కథ పాతదే. కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో వుండగా 1939లో రాజాజీ ప్రభుత్వం అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. సాలుకు రు. 10,000 లోపు అమ్మకం వున్నవారి జోలికి అది పోలేదు. 10 వేలు మొదలు 20 వేల దాకా నెలకు 5 రూపాయలు కట్టించుకొని వదిలింది. అంతకు మించిన వారిపై అమ్మకంలో అర శాతం వేసింది. 1957లో ఆంధ్రప్రదేశ్ జనరల్ సేల్స్ టాక్స్ చట్టం, 2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్, 2017 జులై 1 నుంచి జి.ఎస్.టి. వరసగా వచ్చాయి. వ్యాట్ రోజుల్లో రాష్ట్రంలో రెండు మెట్లుండేవి. మొదట్లో 5 లక్షలు దాటినవారు టర్నోవరు టాక్సు కింద ఒక శాతం కట్టేవారు, 40 లక్షలు దాటినవారు వ్యాట్ నంబరు తీసుకొనేవారు. తరవాత ఆ రెండు మెట్లనూ ఏడున్నర లక్షలకు, 50 లక్షలకు పెంచారు.

జి.ఎస్.టి. వచ్చిన కొత్తలో హద్దు రు. 20 లక్షలు. 2019 జనవరి 10న జరిగిన 32వ కౌన్సిల్ సమావేశంలో సరకులు అమ్మేవారికి దానిని 40 లక్షలకు పెంచుకొనే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. 2019 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 40 లక్షలకు ఒప్పుకొంది, తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఆగింది. అందుచేత ఒకే సరకు, ఒకే పాటి అమ్మకం వున్నా ఖమ్మం కొట్టుకు నంబరు కావాలి, గుడివాడ కొట్టుకు అక్కరలేదు. ఇంతవరకు గుడివాడ వర్తకుడికి మేలే.

బస్తాల్లో చూస్తే

రూపాయల్లో హద్దు కదలలేదు గాని, బస్తాల్లో అది కరిగిపోతూ వస్తోంది. 2018–19లో మామూలు రకం ధాన్యానికి కనీస మద్దతు ధర క్వింటాలుకు రు. 1,750. డెల్టాలో వాడుకగా వున్న 75 కిలోల బస్తా లెక్కన 40 లక్షలకు సుమారు 3,048 బస్తాలు. 2025–26లో మద్దతు ధర రు. 2,369. ఇప్పుడు అదే 40 లక్షలకు వచ్చేవి సుమారు 2,251 బస్తాలు. అంటే నాలుగోవంతు పైగా తరిగింది. ఎకరానికి 30 బస్తాలు అనుకొంటే 75 ఎకరాల పంట కొన్న వర్తకుడు హద్దుకు చేరుకొన్నట్టే. దివిసీమలో ఒక చిన్న గ్రామంలో కొనుగోలు చేసే మనిషికి 75 ఎకరాలు పెద్ద లెక్కేమీ కాదు.

మినుములదీ అదే దారి. 2018–19లో మద్దతు ధర రు. 5,600 వుండగా 40 లక్షలకు 714 క్వింటాళ్ళు. 2025–26 ధర రు. 7,800 చొప్పున 513 క్వింటాళ్ళు. రెండు మూడు లారీల సరకు. ధర పెరిగినంత మాత్రాన వర్తకుడికి లాభం అదే పాళ్ళలో పెరగదు, అపరాల వ్యాపారంలో మిగిలేది క్వింటాలుకు ఇంత అనే గాని రూపాయికి ఇంత అని కాదు. హద్దు మాత్రం రూపాయల్లో వుంది.

గోతాలు తెచ్చిన తంటా

ఇక్కడ ఎవరైనా ఒక ప్రశ్న వేస్తారు: ధాన్యం మీదా, విడిగా అమ్మే మినుముల మీదా అసలు జి.ఎస్.టి. లేదు కదా, ఇక హద్దుతో పని ఏమిటి? ప్రశ్న సబబైనదే. పూర్తిగా పన్ను లేని సరకులే అమ్మేవాడు పది కోట్లు అమ్మినా రిజిస్టరు కానక్కరలేదని చట్టం 23వ సెక్షను చెబుతోంది. చిక్కల్లా ఆ "పూర్తిగా" అన్న మాట దగ్గరే వుంది. పన్ను పడే సరకు ఒక్క రూపాయికి అమ్మినా ఆ మాట పోతుంది. అది పోయిన మరుక్షణం "మొత్తం టర్నోవరు" అన్న లెక్క వచ్చి కూర్చొంటుంది. ఆ లెక్కలో పన్ను పడే అమ్మకంతోపాటు పన్ను లేని అమ్మకమంతా చేరుతుంది.

దివిసీమలో ఒక పల్లె కొట్టును తీసుకోవచ్చు. సాలుకు 38 లక్షల మినుములు రైతుల దగ్గర కొని మిల్లులకు అమ్ముతుంది. పంట నూర్చే రోజుల్లో రైతు వచ్చి, "షావుకారుగారూ, గోతాలు కూడా మీ దగ్గరే ఇప్పించండి, దీనికోసం బందరు ఎక్కడ పోతాం" అంటాడు. షావుకారు గోతాలు తెప్పించి పెడతాడు. గోతాల మీద పన్ను 5 శాతం. అవి సాలుకు రెండున్నర లక్షలకు అమ్ముడు పోయాయనుకొందాం. మొత్తం నలభై లక్షల యాభై వేలు. హద్దు దాటింది. 30 రోజుల్లో నంబరుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇందువల్ల ప్రభుత్వానికి వచ్చేది ఎంత? గోతాలను షావుకారు రు. 2,30,000కు కొన్నాడనుకొంటే వాటిపై రు. 11,500 పన్ను అప్పుడే కట్టి తెచ్చాడు. నంబరు లేకపోయినా ఆ సొమ్ము ఖజానాకు చేరినట్టే. నంబరు తీసుకొని రు. 2,50,000కు అమ్మితే పన్ను రు. 12,500. కట్టినది పోగా కొత్తగా కట్టవలసింది వెయ్యి రూపాయలు. ఏడాది మొత్తానికి వెయ్యి! ఈ వెయ్యి కోసం మూడు నెలలకొకసారి దాఖలు చేసే పద్ధతి ఎంచుకొన్నా సాలుకు ఎనిమిది రిటర్నులు వేయాలి. పన్ను వున్న రిటర్ను ఒక్కటి నెల రోజులు ఆలస్యమైతే రోజుకు రు. 50 చొప్పున రు. 1,500 రుసుము. అంటే ప్రభుత్వానికి రావలసిన పన్ను కన్నా ఆలస్యపు రుసుమే ఎక్కువ. లెక్కలు రాసే గుమాస్తా జీతమూ, ఆడిటరు ఫీజూ, కోడూరు నుంచో నాగాయలంక నుంచో పట్నానికి తిరిగే బస్సు చార్జీలూ వేరే.

కాంపోజిషన్ పద్ధతి వుంది కదా అంటారు. కోటిన్నర దాకా టర్నోవరు వున్నవారికి, వర్తకులైతే ఒక శాతం. మంచి ఏర్పాటే, చాలామందికి ఉపకరించింది. కాని పై షావుకారుకు మాత్రం పనికి రాదు. రెండున్నర లక్షలపై ఒక శాతం అంటే రు. 2,500. కొనుగోలులో కట్టిన రు. 11,500 జమకు రాదు. మామూలు పద్ధతిలో వెయ్యి కట్టేవాడు ఇక్కడ రెండున్నర వేలు తన లాభంలోంచి కట్టాలి, కొన్నవాడి దగ్గర వసూలు చేసుకొనే వీలు కూడా లేదు.

కట్టుబడి పన్ను మచిలీపట్నానికి కొత్త కాదు. 1632లో గోల్కొండ సుల్తాను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన బంగారు ఫర్మానా ప్రకారం సాలుకు 500 వరహాలు కట్టి గోల్కొండ రేవుల్లో ఎంత వ్యాపారమైనా చేసుకోవచ్చు. నిజానికి అదొక కాంపోజిషన్ ఒప్పందమే. ఎక్కువ వ్యాపారం చేసేవాడికి అది లాభించింది. ఇప్పటి ఒప్పందమూ గోతాల షావుకారుకు కాక, పన్ను పడే సరకే ఎక్కువగా అమ్మే కిరాణా, ఫ్యాన్సీ కొట్లకు లాభిస్తోంది.

బియ్యం కొట్ల సంగతి దీనికి మరో ముఖం. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ముందే కట్టి, చీటీ వేసి అమ్మే బియ్యంపై 5 శాతం పన్ను వచ్చింది. అంతకు మించిన బస్తాపై లేదు. మిల్లులు 25 కిలోల బస్తాను 26 కిలోలు చేశాయి. తెలుగు జిల్లాల్లో ఏ బియ్యం కొట్టులో చూసినా ఆ ఒక్క కిలో కనిపిస్తుంది. ఎవరూ తప్పు పట్టలేరు, చట్టంలో గీసిన గీత పక్కనే సరకు నడిచింది, అంతే. ఇక 26 కిలోల బస్తాలే అమ్మే కొట్టు 60 లక్షలు అమ్మినా నంబరు అక్కరలేదు. అదే కొట్టు యజమాని ఇరుగుపొరుగు అడిగారని 5 కిలోల ప్యాకెట్లు లక్ష రూపాయలకు అమ్మితే, 61 లక్షల టర్నోవరుకు నంబరు తీసుకోవాలి. లక్ష రూపాయల ప్యాకెట్లు మానేస్తే ఇబ్బందే లేదు. పేదవాడు కొనేది చిన్న ప్యాకెట్టే కనుక నష్టం ఎవరికో వేరే చెప్పనక్కరలేదు. చెరువుల ప్రాంతాల్లో రొయ్య మేత అమ్మే కొట్లదీ ఇదే స్థితి: మేతపై పన్ను లేదు, దానితోపాటు అమ్మే యంత్రం విడిభాగంపై వుంది. మేత టన్నుల్లో అమ్ముతారు గనుక హద్దు ఎప్పుడో దాటిపోతుంది.

వ్యాట్ నాటి హద్దు కూడా 40 లక్షలే కదా, అప్పుడు లేని గోల ఇప్పుడెందుకు అనేవారు ఒక తేడా గమనించాలి. అప్పటి హద్దు పన్ను పడే టర్నోవరుకు పెట్టిన హద్దు. పైగా అప్పట్లో బియ్యం మీద పన్ను వుండేది, కనుక బియ్యం లెక్కలోకి రావడంలో అర్థం వుంది. ఇప్పుడు బస్తా బియ్యంపై పన్ను తీసేశారు గాని దానిని లెక్కలో మాత్రం వుంచారు. పన్ను వేయని సరకును హద్దు లెక్కకు ఎందుకు వాడుకోవాలో సమాధానం కావాలి.

గోడౌను అద్దె, దలాలీ

40 లక్షల హద్దు కేవలం సరకులే అమ్మేవారికి అని నోటిఫికేషనులో వుంది. సేవ ఏదైనా కలిస్తే హద్దు 20 లక్షలకు పడిపోతుంది. అప్పులపై వచ్చే వడ్డీని మాత్రం ఈ లెక్కలోంచి తప్పించారు, షావుకారు వడ్డీ పుచ్చుకొన్నంత మాత్రాన ఇబ్బంది లేదు. కాని గుడివాడలో వర్తకులు చాలామంది ఖాళీగా వున్న గోడౌనులో కొంత భాగం అద్దెకిస్తారు. నెలకు అయిదు వేలు వచ్చినా అది సేవే. ఆ అద్దెకు పన్ను వుందా లేదా అన్నది వేరే సంగతి. ఆ అయిదు వేల వల్ల అతని హద్దు సగమైపోతుంది. ఈ ముక్క తెలియక 30 లక్షల అమ్మకం దగ్గర నిశ్చింతగా కూర్చొన్నవారు తమ అద్దె కాగితాలు ఒకసారి తీసి చూసుకోవడం మంచిది.

దలాలీ వర్తకులకు ఇంకొక మెలిక వుంది. రైతు ధాన్యం అమ్మించి కమీషను తీసుకొంటే ఆ కమీషనుపై పన్ను లేదు, ధాన్యం వ్యవసాయ ఉత్పత్తి గనుక. బియ్యం అమ్మించినా, పప్పు అమ్మించినా కమీషనుపై 18 శాతం పడుతుంది. పొట్టు తీసిన పప్పు వ్యవసాయ ఉత్పత్తి కాదని 2017 నవంబరు సర్క్యులరులో చెప్పారు, మిల్లు ఆడిన బియ్యానికీ అదే న్యాయం. కమీషను మొత్తం 20 లక్షలు దాటే దలాలీలు తక్కువే కాబట్టి చాలామందికి దీనివల్ల బాధ లేదు. బాధ వచ్చేది బిల్లు దగ్గర. 2018 సెప్టెంబరు 4 నాటి సర్క్యులరు ప్రకారం కొనేవాడికి బిల్లు ఎవరి పేర వెళ్ళిందన్నదే తేల్చవలసిన ముఖ్య విషయం. పార్టీ పేరనే బిల్లు వెళ్ళి, దలాలీ కమీషను మాత్రం తీసుకొంటే అతని టర్నోవరు ఆ కమీషనే. దలాలీ తన పేర బిల్లు వేస్తే సరకు విలువ అంతా అతని పద్దులోకి వస్తుంది. పార్టీ నంబరు వున్న మిల్లరైతే, పన్ను పడే సరకుపై ఏజెంటుకు హద్దుతో నిమిత్తం లేకుండానే రిజిస్ట్రేషన్ తప్పదు. లారీ కదలాలన్న తొందరలో ఎవరి బిల్లు పుస్తకం చేతికి దొరికితే అందులో రాసి పంపే అలవాటు గుడివాడ బజారుకు కొత్తేమీ కాదు. ఆ అలవాటుకు ఇప్పుడు ధర వుంది.

హైదరాబాదు పార్సెలు

మచిలీపట్నం చిలకలపూడి రోల్డుగోల్డు నగలు చేతి వృత్తుల సరకుగా లెక్కకు రాకపోతే, ఆ పనివారికి 40 లక్షలూ లేదు, 20 లక్షలూ లేదు. సరకు రాష్ట్రం దాటితే మొదటి రూపాయి నుంచే నంబరు కావాలి. 2014 జూన్ 2కు ముందు హైదరాబాదు బేగంబజారుకు పంపిన పార్సెలు సొంత రాష్ట్రంలో అమ్మకం. ఆ తరవాత అది అంతర్రాష్ట్ర వ్యాపారం. ఊరు మారలేదు, దారి మారలేదు, కొనేవాడూ అతనే. ఇంట్లో నలుగురు కూర్చొని గొలుసులు అతికే పనివాడు సాలుకు అయిదారు లక్షల సరకు హైదరాబాదు పంపాలంటే, అది చేతి వృత్తుల సరకుగా లెక్కకు రానప్పుడు, మామూలు నంబరు తీసుకోవలసిందే. కాంపోజిషన్ పనికి రాదు, ఆ పద్ధతిలో వున్నవారు రాష్ట్రం బయటికి అమ్మరాదు. దానితో పనివాడు తన సరకును నంబరు వున్న స్థానిక వర్తకుడికే పోయక తప్పదు, ధర కూడా అతను చెప్పిందే.

పెడన, మచిలీపట్నం కలంకారీ వారికి కొంత వెసులుబాటు దొరికింది. చేతి వృత్తుల సరకుల జాబితా ఒకటి ప్రకటించి, 20 లక్షల దాకా అంతర్రాష్ట్ర అమ్మకానికి నంబరు అక్కరలేదన్నారు. చేత్తో అచ్చువేసిన బట్ట ఆ జాబితాలో వుంది. పాన్ కార్డు, సరకుతోపాటు వెళ్ళే ఇ–వే బిల్లు వుంటే చాలు. అంటే హద్దు విషయంలో ఒక వర్గానికి సాయం చేయాలని కౌన్సిల్ అనుకొన్నప్పుడు చేయగలిగింది. ఈ సంగతి గుర్తుంచుకోవలసినది.

ఫోను చెప్పే లెక్క

ఇన్నాళ్ళూ చిన్న కొట్టు టర్నోవరు ఎంతో కొట్టువాడికీ దేవుడికే తెలుసు. ఇప్పుడు ఫోనులో జమ అయిన ప్రతి రూపాయీ లెక్కకు దొరుకుతుంది. 2025 జులైలో కర్ణాటకలో ఏమైందో చూడాలి. అక్కడి వాణిజ్య పన్నుల శాఖ యు.పి.ఐ. జమలను చూసి కూరగాయల వారికీ, పాల బూతులకూ, బేకరీలకూ నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్ళలో రు. 1 కోటి 63 లక్షలు జమ పడ్డాయని చెప్పి రు. 29 లక్షల పన్ను అడిగారు. పచ్చి కూరగాయలపై పన్నే లేదు. వర్తకులు యు.పి.ఐ. బోర్డులు తీసేసి నగదే ఇమ్మన్నారు, బంద్‌కు పిలుపు ఇచ్చారు. చివరకు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వర్తక ప్రతినిధులతో కూర్చొని పాత బకాయిలు వసూలు చేయబోమని ప్రకటించవలసి వచ్చింది.

బ్యాంకు జమకు మినుముకూ గోతానికీ తేడా తెలియదు. హద్దు లెక్కలో పన్ను లేని సరకు కలిసివున్నంత కాలం ఇలాంటి నోటీసు అవనిగడ్డకూ రావచ్చు, ఘంటసాలకూ రావచ్చు. వచ్చాక రుజువు చేసుకోవలసిన భారం కొట్టువాడిది. పూర్తిగా పన్ను లేని సరకే అమ్మాడని చూపగలిగితే బయటపడతాడు, రెండు కట్టల గోతాలు అమ్మిన చీటీ ఒకటి దొరికితే బయటపడడు.

ఈ సందర్భంలో వర్తకుల వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. హద్దు దాటకుండా ఒకే గోడౌనుకు మూడు బోర్డులు కట్టి, ఒకటి తన పేర, ఒకటి భార్య పేర, ఒకటి బావమరిది పేర నడిపేవారున్నారు. ముగ్గురికీ వేర్వేరు పాన్ వున్నంత మాత్రాన ముగ్గురూ వ్యాపారం చేస్తున్నట్టు కాదు. సరకు కొన్నది ఎవరు, డబ్బు పడింది ఎక్కడ అని అధికారి అడిగితే సమాధానం వుండదు. తన నంబరును ఇంకొకరి సరకుకు అద్దెకిచ్చేవారి సంగతి మరీ ప్రమాదం. అది పన్ను తగ్గించుకోవడం కాదు, నేరం. ఇలాంటివారు నలుగురు వుండబట్టే నిజంగా చిన్నవాడు అడిగినప్పుడు కూడా పై వారికి అనుమానం కలుగుతోంది.

నోటిఫికేషను చాలు

ప్రభుత్వం చెప్పే మాటలో బలం లేకపోలేదు. పన్ను లేని అమ్మకాన్ని లెక్కలోంచి తీసేస్తే, ప్యాకెట్టు బియ్యాన్ని బస్తా బియ్యమని, పన్ను పడే సరకును మినుములని రాసుకొనేవారు పుడతారు. నంబరు లేనివాడికి అమ్మిన సరకు ఏదో టోకు వర్తకుడి రిటర్నులో పేరుతో కనపడదు కనుక పట్టుకోవడం కూడా కష్టమే. మొత్తం టర్నోవరు అనే కొలబద్దకు ఆ ఒక్క సుఖం వుంది: ఎవరైనా సులువుగా కొలవవచ్చు.

కాని ఇదే చట్టం ఇదివరకే ఈ తేడా పాటించింది. 2018 జనవరి 1 నుంచి కాంపోజిషన్ వర్తకుడు పన్ను పడే అమ్మకంపైనే ఒక శాతం కడుతున్నాడు, పన్ను లేని అమ్మకాన్ని విడదీసి చూపుతున్నాడు. ఆ విడదీసిన లెక్కను పన్ను కట్టించుకొనేటప్పుడు నమ్మిన శాఖ, నంబరు అక్కర వుందా లేదా చూసేటప్పుడు నమ్మకపోవడం ఏమిటి? కాంపోజిషన్ అర్హత చూసేటప్పుడు వడ్డీ రాబడిని వదిలేయమని కూడా చట్టంలోనే రాశారు. వడ్డీని వదిలిన చేత్తో ధాన్యాన్ని వదలడం కష్టం కాదు.

ఇందుకు పార్లమెంటుకు పోయి చట్టం మార్చనక్కరలేదు. 23వ సెక్షను రెండో ఉపసెక్షను కింద, కౌన్సిల్ సిఫారసుపై, ఫలానా వర్గం వారికి రిజిస్ట్రేషన్ అక్కరలేదని నోటిఫికేషను ఇవ్వవచ్చు. కావలసిన నోటిఫికేషను ఇలా వుంటే సరిపోతుంది: పన్ను పడే అమ్మకం సాలుకు పది లక్షల లోపు వుండి, మిగతాదంతా పన్ను లేని వ్యవసాయ సరకు అయితే నంబరు అక్కరలేదు. ఏడాదికొకసారి ఒక్క కాగితంపై రెండు అంకెలూ రాసి ఇవ్వాలి. అబద్ధం రాస్తే మొదటి రూపాయి నుంచి పన్నూ, జరిమానా. ధాన్యం, అపరాల కొనుగోలుకు మార్కెట్ కమిటీ సెస్సు పుస్తకాలు ఎలాగూ వున్నాయి, సరిచూసుకోవడానికి అవి పనికివస్తాయి. పది లక్షలు అన్న అంకె దగ్గర బేరం ఆడవచ్చు, అయిదు అన్నా నష్టం లేదు. గోతాల షావుకారుకు రెండున్నరే కావాలి.

2025 నవంబరు 1 నుంచి రిజిస్ట్రేషన్‌ను సులభం చేసి, చిన్నవారికి మూడు పనిదినాల్లో నంబరు వచ్చే ఏర్పాటు చేశారని ఒక సమాధానం వస్తుంది. సంతోషించదగినదే. అయితే చిన్న వర్తకుడి కష్టం నంబరు రావడంలో లేదు. వచ్చిన తరవాత మూడు నెలలకొకసారి వుంది.

గుడివాడ, మచిలీపట్నం వర్తక సంఘాలు ఇప్పటిదాకా కౌన్సిల్‌కు విన్నపాలు పంపితే అవి పన్ను రేట్ల గురించే ఎక్కువగా వుంటాయి. రేటు ఎంతైనా కొనేవాడు కడతాడు. హద్దు లెక్క మాత్రం వర్తకుడే మోయాలి. కౌన్సిల్‌లో నిర్ణయానికి ఓట్లలో నాలుగింట మూడు వంతులు కావాలి, అందులో రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు బలం వుంది. ధాన్యం, అపరాలు, చేపలు పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఒక్కటే కాదు. పంజాబు, బెంగాలు, ఒడిశా పల్లె కొట్లలోనూ గోతాలు అమ్ముతారు. రాష్ట్ర ఆర్థిక మంత్రి ఈ విషయం ఎత్తితే తోడు దొరకకపోదు.

ఈలోగా వర్తకులు చేసుకోవలసిన పని ఒకటుంది. దివిసీమలో రెండో పంట మినుము ఫిబ్రవరి, మార్చి నెలల్లో బజారుకు దిగుతుంది. సంవత్సరం లెక్క మార్చి 31తో మూస్తారు. ఏడాదంతా ముప్పై లక్షల దగ్గర నడిచిన కొట్టు సరిగ్గా ఆ నెలలోనే హద్దు దాటుతుంది. మార్చి రెండో వారానికల్లా టర్నోవరు, పన్ను పడేది, పడనిది వేర్వేరు పేజీల్లో రాసి కూడుకొని చూసుకోవాలి. దాటినట్టు తేలితే 30 రోజుల్లోపే దరఖాస్తు పెట్టాలి, అలా పెట్టినవాడికి చేతిలో వున్న సరకుపై కట్టిన పన్ను జమకు వస్తుంది, ఆలస్యం చేసినవాడికి రాదు. దాటుతానన్న భయంతో కొనుగోలు ఆపేసేవాళ్ళూ వుంటారు. అప్పుడు కళ్ళంలో మినుము పెట్టుకొన్న రైతు పక్క ఊళ్ళో మిగిలిన ఒక్క షావుకారు దగ్గరకే పోవాలి, ఏప్రిల్ దాకా ఆగగలిగే రైతులు ఆ ప్రాంతంలో ఎక్కువమంది లేరు.